ఇంటికి తెలిసిన సోషల్

మా ఆశ్రమ పాఠశాల పిల్లలకు లెక్కలంటే భయం, ఇంగ్లీషంటే సిగ్గు. సోషల్ అంటే మాత్రం బరువు. ఆరో తరగతిలో పుస్తకం చేతికి వచ్చిన రోజే దాని లావు చూసి మొఖాలు చిన్నబోతాయి. భూగోళం, చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం అన్నీ అందులోనే. ఐదో తరగతి దాకా ఊరి బడిలో పరిసరాల విజ్ఞానం చదివి వచ్చిన పిల్లకు ఒక్కసారిగా పీఠభూమి, అక్షాంశం, పరీవాహక ప్రాంతం, స్థానిక స్వపరిపాలన లాంటి మాటలు ఎదురవుతాయి. ఇంట్లో గోండీ, అంగట్లో తెలుగో మరాఠీయో మాట్లాడే పిల్లకు పుస్తకం తెలుగు ఇంకో కొత్త భాష. ఇప్పుడైతే ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లీషు. బరువు ఇంకా పెరిగింది.

ఆదివారం పిల్లలను చూడటానికి తల్లిదండ్రులు వస్తారు. సంచిలో సజ్జరొట్టెలో, పల్లీలో తెస్తారు. చదువు మాట ఎత్తితే అందరిదీ ఒకటే జవాబు. "మాకేం ఎరుక సార్, మేం బడి మొఖం చూడలే. మీరే చూసుకోవాలె." లెక్కల సారుతో ఈ మాట అంటే ఒప్పుకోవచ్చు. సోషల్ చెప్పే నాతో అంటే ఒప్పుకోను. మా పుస్తకంలో ఉన్న సగం సంగతులు ఆ సంచి పట్టుకొని నిలబడ్డ మనిషికి నాకంటే ఎక్కువ తెలుసు. కాకపోతే ఆ తెలిసిన దాన్ని బడి కాగితం మీదికి ఎట్లా తేవాలో ఎవరూ వాళ్లకు చెప్పలేదు. ఈ వ్యాసం దాని గురించే.

ముందు మార్కుల సంగతి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక పరీక్షలు, రెండు సంగ్రహణాత్మక పరీక్షలు. పిల్లలు వీటిని ఎఫ్ఏ, ఎస్ఏ అంటారు. ఎఫ్ఏకు 20 మార్కులు. అందులో స్లిప్ టెస్టుకు 5 మాత్రమే. మిగతా 15 తరగతిలో పాల్గొన్నందుకు, సొంతంగా రాసినందుకు, ప్రాజెక్టు పని చేసినందుకు, ఒక్కోదానికి ఐదు చొప్పున. పరీక్ష అంటే మూడు గంటలు కూర్చొని రాసేదని అనుకునే తండ్రికి ఇది చెప్పి చూడండి. "అయితే ఇంట్ల కూడా మార్కులున్నట్టేనా?" అని అడుగుతాడు. ఉన్నట్టే.

ఆ ప్రాజెక్టు మార్కులు ఇప్పుడు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడాలి. జిరాక్సు షాపులో బొమ్మల షీటు ఐదు రూపాయలకో పది రూపాయలకో దొరుకుతుంది. గైడులో రాసిన ప్రాజెక్టు ఉంటుంది. ఒకసారి "మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, వాళ్ల చిన్నప్పటి ఊరికీ ఇప్పటి ఊరికీ తేడా రాయండి" అని ఇచ్చాను. మూడు నోటుపుస్తకాల్లో తాత పేరు రామయ్య. మూడిట్లోనూ రామయ్య ఇంటి ముందు కొబ్బరిచెట్లు, ఊరి పక్కన కాలువ. రాసిన పిల్లల ఇంటిపేర్లు మెస్రం, ఆత్రం, సిడాం. వాళ్ల ఊళ్లలో ఇప్పచెట్లు తప్ప కొబ్బరిచెట్టు ఒక్కటి లేదు. పిల్లలను తిట్టలేదు. "మీ తాత పేరేంది?" అని అడిగాను. ముగ్గురూ నవ్వి అసలు పేర్లు చెప్పారు. "మరి రామయ్య ఎవరు?" అంటే, "గైడు తాత సార్" అన్నాడు ఒకడు.

ఆ తర్వాత నేను చేసింది పెద్ద పనేం కాదు. సెలవులకు ఇంటికి పోయే ప్రతిసారి పిల్లకు ఒకే ఒక్క ప్రశ్న ఇచ్చి పంపడం మొదలుపెట్టాను. దండారికి ఒకటి, సంక్రాంతికి ఒకటి, ఎండాకాలానికి ఒకటి. ఆ ప్రశ్న గైడులో దొరకకూడదు. ఇంట్లో మనిషిని అడిగితేనే దొరకాలి.

పటం పాఠం తీసుకోండి. దిక్కులు, స్కేలు, గుర్తులు. బోర్డు మీద ఎన్నిసార్లు గీసినా కొందరికి ఉత్తరం అంటే కాగితం పైభాగమే. ఆ ఏడు సెలవు ప్రశ్న నాగోబా నీళ్ల దారి. పుష్య మాసంలో మెస్రం వంశం వాళ్లు కెస్లాపూర్ నుంచి కాలినడకన జన్నారం మండలం కలమడుగు దగ్గరున్న హస్తినమడుగుకు పోయి గోదావరి నీళ్లు తెస్తారు. అమావాస్య నాడు నాగోబాకు ఆ నీళ్లతోనే పూజ. "నడిచిన వాళ్లను అడిగి ఊళ్ల పేర్లు వరసగా రాసుకు రండి" అన్నాను. పిల్లలు ఒట్టి పేర్లతో రాలేదు. ఎక్కడ రాత్రి ఆగుతారో, ఎక్కడ గుట్ట ఎక్కుతారో, ఎక్కడ వాగు దాటుతారో, ఏ ఊళ్లో ఎవరు అన్నం పెడతారో అన్నీ తెచ్చారు. తరగతిలో అందరివీ కలిపి ఒక చార్టు మీద గీశాం. కెస్లాపూర్ నుంచి గోదావరి ఆగ్నేయంగా ఉందని నేను చెప్పే పని పడలేదు. "పొద్దుగాల పోతుంటే ఎండ ఎడమ చెంపకు కొడుతదట సార్, మా కాక చెప్పిండు" అని ఒక పిల్ల చెప్పింది. అప్పుడు అట్లాసు తీశాం. 2016లో పాత ఆదిలాబాదు జిల్లా నాలుగు జిల్లాలైంది కదా. కెస్లాపూర్ ఆదిలాబాదులో ఉంది, జన్నారం మంచిర్యాలలో ఉంది. నీళ్ల దారి ఇప్పుడు జిల్లా సరిహద్దు దాటుతుంది. గోడ మీది పాత పటంలో అది కనిపించదు. రాజకీయ పటం మారుతుంది, నది దారి మారదు అనే సంగతి ఆ రోజు వాళ్లే చెప్పుకున్నారు.

చరిత్రకు సంవత్సరాలతో తంటా. పిల్లలు తేదీలను ఫోన్ నంబర్లలా బట్టీ పడతారు, మర్నాడు మరచిపోతారు. ఇళ్లలో పెద్దవాళ్లకు సంవత్సరాలు రావు, కానీ వరస వస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది వాళ్లు తప్పు చెప్పరు. అందుకని వరండాలో ఒక తాడు కట్టాం. జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయిన 1940 ఒక ముడి. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకుండా గట్టి చేసిన 1/70 చట్టం, 1970, ఇంకో ముడి. ఇంద్రవెల్లి కాల్పులు, 1981 ఏప్రిల్ 20, ఇంకోటి. అటవీ హక్కుల చట్టం 2006, తెలంగాణ వచ్చిన 2014. ఈ ముళ్ల మధ్యలో పిల్లలు తమ ఇంటి చీటీలు కట్టాలి. నాయనమ్మ పెళ్లి ఏ ముడికి ముందు? ఊరికి కరెంటు ఏ ముడి తర్వాత? ఒక పిల్లవాడు తాతను పట్టుకొని, "మా నాయిన పుట్టింది ఇంద్రవెల్లి అయిన తెల్లారి ఏడు" అని చీటీ రాశాడు. వాడు 1981ని ఇక మరచిపోడు.

ఇక్కడే ఒక చిక్కు కూడా వచ్చింది. ఇంట్లో చెప్పేది, పుస్తకంలో రాసింది ఒక్కోసారి కలవవు. భీం వర్ధంతిని మనం ఆశ్వయుజ పౌర్ణమి నాడు చేసుకుంటాం. పుస్తకాల్లో ఇంగ్లీషు తేదీ ఉంటుంది. "ఏది రాయాలె సార్?" అని అడిగారు. పరీక్షలో సంవత్సరం అడిగితే 1940 అని రాయాలి. ప్రాజెక్టులో మాత్రం రెండూ రాయాలి, ఏది ఎవరు చెప్పారో పక్కన రాయాలి. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని అడగడమే చరిత్ర చదవడం. అది ఏడో తరగతి పిల్లకు కూడా అర్థమవుతుంది.

ఇంటికి తెలిసిందంతా సరైనదని కూడా నేను అనను. ఆరో తరగతి పుస్తకంలో గోండుల ఊరి పంచాయితీ గురించి పాఠం ఉంది. పట్లా ఎవరు, పెద్దలు ఎట్లా తీర్పు చెబుతారు అని. అది చదివేటప్పుడు మన పిల్లలు సిగ్గుపడతారు, పక్కన కూర్చున్న లంబాడా పిల్లలు, కోలాం పిల్లలు వాళ్ల వైపు చూస్తారు. ఆ వారం ప్రశ్న అందరికీ ఒకటే: "మీ ఊళ్లో తగువు వస్తే ఎవరు కూర్చుంటారు? ఆడవాళ్లు ఎక్కడ కూర్చుంటారు?" ఒక పిల్ల నాయనమ్మను అడిగింది. "వెనక నిలబడి వింటం" అంది ఆవిడ. "అడిగితే చెప్తం, అడగకపోతే ఇంటికి పోతం." తరగతిలో ఈ జవాబు చదివాక, గ్రామ పంచాయతీలో సగం స్థానాలు ఆడవాళ్లకు ఎందుకు పెట్టారో నేను చెప్పడం చాలా తేలికైంది. షెడ్యూల్డు ఏరియాలో సర్పంచు పదవి గిరిజనులకే ఎందుకు, 1996 పెసా చట్టం గ్రామసభకు ఏ హక్కులిచ్చింది అన్నవి కూడా అక్కడి నుంచే చెప్పాను. ఆ పిల్ల జవాబు చివర్లో సొంతంగా ఒక వాక్యం రాసింది. "మా నాయనమ్మను కూడా అడగాలి." దానికి నేను పూర్తి మార్కులు వేశాను.

ఇక అన్నిటికంటే గట్టిగా గుర్తున్న సంగతి చెబుతాను. ఎనిమిదో తరగతిలో అడవుల పాఠం చెప్పేటప్పుడు అటవీ హక్కుల చట్టం మాట వస్తుంది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉండాలి, నాలుగు హెక్టార్లకు మించకూడదు, ఇట్లాంటివి. హెక్టారు అంటే రెండున్నర ఎకరాలకు కొంచెం తక్కువ, ఎకరం అంటే 40 గుంటలు అని లెక్క కూడా చేయించాను. "ఇంట్లో పట్టా ఉంటే చదివి, హద్దులతో చేను పటం గీసుకు రండి" అని సెలవు ప్రశ్న ఇచ్చాను. ఒక ఆడపిల్ల వాళ్ల నాయిన పట్టాను ట్రంకుపెట్టెలోంచి తీయించి చదివింది. ఆ కాగితాన్ని ఆ ఇంట్లో అప్పటిదాకా ఎవరూ చదవలేదు. ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచారంతే. కాగితంలో తూర్పున వాగు అని ఉంది. వాళ్ల చేనికి వాగు పడమటి దిక్కున ఉంది. పిల్ల మళ్లీ చదివింది. తండ్రి ఆమెను చేనుకు తీసుకుపోయాడు. పొద్దుకు ఎదురుగా నిలబడి ముందు తూర్పు, వెనక పడమర, ఎడమ చేతికి ఉత్తరం అని ఆరో తరగతిలో నేర్చుకున్నట్టే చూసింది. కాగితమే తప్పు. విస్తీర్ణం కూడా వాళ్లు దున్నేదానికంటే తక్కువ పడింది.

ఆ తండ్రి సోమవారం బడికి వచ్చాడు. బిడ్డ గీసిన పటం చేతిలో ఉంది. "సార్, ఇది ఎవలకు చూపియ్యాలె?" అన్నాడు. ఊళ్లోని అటవీ హక్కుల కమిటీకి, గ్రామసభకు ముందు చెప్పమన్నాను. దరఖాస్తు బిడ్డే రాసింది. అది ఆఫీసులో ఇంకా తేలలేదు. ఎప్పుడు తేలుతుందో నేను చెప్పలేను. కానీ ఇప్పుడు ఆ ఇంట్లో ఏం అడగాలో తెలుసు. మార్కుల మీటింగుకు ఆ తండ్రి ప్రతిసారి వస్తున్నాడు. "మాకేం ఎరుక" అనడం మానేశాడు.

తల్లిదండ్రులకు నేను చెప్పేవి కొన్నే. చదువు రాకపోయినా చేయగలిగినవే. "బాగ చదువుతున్నవా?" అని అడగకండి, దానికి పిల్ల తల ఊపుతుంది. "ఈ వారం సోషల్‌లో ఏ పాఠం అయింది? దాన్ని నాకు గోండీలో చెప్పు" అనండి. చెప్పగలిగితే పాఠం వచ్చినట్టు, ఎక్కడ ఆగిందో అక్కడే రానట్టు. ప్రాజెక్టుకు డబ్బులు అడిగితే, దేని మీద ప్రాజెక్టో అడిగి, ముందు మీకు తెలిసింది చెప్పండి. బడికి వచ్చినప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేసే ముందు, ఈ నాలుగు ఐదుల్లో ఏది తక్కువ పడిందని సారునో మేడమ్‌నో అడగండి. అడిగే హక్కు మీకుంది.

పిల్లలకు ఒక పని. నోటుపుస్తకం వెనక పేజీల్లో మూడు వరసలు గీసుకోవాలి. మొదటి దాంట్లో పుస్తకం మాట, రెండో దాంట్లో మామూలు తెలుగు మాట, మూడో దాంట్లో ఇంటి మాట. జలం, నీళ్లు, ఏర్. గ్రామం, ఊరు, నార్. ఇంట్లో నుంచి తెచ్చిన సంగతిని పరీక్షలో రాసేటప్పుడు మొదటి వరసలోని మాటతో రాయాలి. మార్కులు వేసేవాళ్లు ఆ మాట కోసమే చూస్తారు. ఇది మన భాషను తక్కువ చేయడం కాదు. అంగడికి పోతే అక్కడి తూకంలోనే అమ్మాలి కదా, అట్లాంటిది.

చివరగా, ఈ పుస్తకం చదివే మన చదువుకున్న వాళ్లకు ఒక మాట. పండుగకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో ఆరు నుంచి ఎనిమిది చదివే పిల్ల ఉంటే ఒక సాయంత్రం కూర్చోండి. మీరు పాఠం చెప్పొద్దు. పిల్ల అడుగుతుంది, ముసలివాళ్లు చెబుతారు, మీరు పక్కన ఉండి, ఏ మాట ఏ పాఠానికి చెందుతుందో చూపించండి. ఒక గంట చాలు. మళ్లీ బడికి వచ్చేటప్పుడు ఆ పిల్ల చేతిలో గైడు తాత ఉండడు.