అటక దిగి హాల్లోకి వచ్చింది

హాలు అనగానే మీకేం గుర్తొస్తుంది? సోఫా, టీవీ, షోకేసు. అంతేనా? ఇంట్లో నలుగురుంటే నలుగురూ నాలుగు గదుల్లో ఫోన్లు పట్టుకుని కూర్చుంటే, ఇక ఆ హాలు ఎవరికోసమండీ? ఈ బెంగ మీకూ ఉంటే ఒక పూట నాతో రండి. అంబర్‌పేట నుంచి ఉస్మానియా యూనివర్సిటీ మీదుగా తార్నాక దాకా వెళ్లొద్దాం. కుటుంబమంతా కూర్చునే గది ఎలా ఉండాలో నాకు ఆ దారిలోనే తెలిసింది.

అంబర్‌పేటలో మా అత్తగారిది గూన పెంకుల ఇల్లు. టేకు దూలాలు, కాలికి చల్లగా తగిలే షాబాదు బండలు, నిచ్చెన వేసుకుని ఎక్కే అటక. పచ్చడి జాడీలు, ఇత్తడి గుండిగలు, పెళ్లిళ్లకు పరిచే జంపఖానాలు అన్నీ ఆ అటక మీదే. మధ్యాహ్నమైతే మధ్య గదిలో అందరం చేరేవాళ్లం. ఒకరు చింతపండు గింజ తీస్తుంటే, ఒకరు పిల్లకు జడ వేస్తుండేవారు.

మూడేళ్ల కిందట ఆ ఇంటిని అపార్టుమెంటుకు ఇచ్చేశాం. పాత కలప, బండలు మొత్తం కలిపి కొంటానని ఒకాయన వచ్చాడు. మా వారు సరేనన్నారు. అరుగు మీద కూర్చున్న అత్తయ్యగారు ఒక్క మాటే అన్నారు. "అన్నీ ఇచ్చెయ్యుండ్రి బిడ్డా, మరి నేనెక్కడ కూసోవాలె?" నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజుల్లోనే మా అబ్బాయి ఫోనులో విదేశీ హాళ్ల బొమ్మలు చూపించాడు. ఇటుక గోడ, పైన దూలాలు, ఓ పక్క చెక్క అటక. దాన్ని 'లాఫ్ట్' పద్ధతి అంటారట. న్యూయార్కులోని సోహో పేటలో మూతపడ్డ ఫ్యాక్టరీల్లో, గోదాముల్లో చిత్రకారులు కాపురం పెట్టారు. 1971లో నగర పాలకులు దానికి చట్టపరంగా అనుమతి ఇచ్చారు. ఉన్న గోడను దాచకుండా, ఉన్న కలపను పారెయ్యకుండా బతకడమే ఆ పద్ధతికి మొదలు. చూసి నవ్వొచ్చింది. మనం అమ్మేస్తున్నదేమో అసలు సరుకు, వాళ్లు ముచ్చటపడేదీ అదే!

ఇప్పుడు శివం రోడ్డు మీదుగా యూనివర్సిటీలోకి వెళ్దాం. 1918లో మొదలైన ఈ యూనివర్సిటీకి ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో అందింది. ఏడో నిజాం ప్రారంభించారు. స్తంభాల్లో అజంతా, ఎల్లోరాల తీరు, తోరణాల్లో ఇస్లామీ తీరు కలిసి ఉంటాయి. కట్టడమంతా గులాబి ఛాయ గ్రానైటు. బయటి గోడలకు రంగు పూత లేదు, రాయే రంగు. సాయంత్రం ఎండ పడితే ఇంకో వన్నె తిరుగుతుంది. ఆ మెట్ల దగ్గర నిలబడితే నాకు అర్థమైంది. పది రకాల అలంకరణ అక్కర్లేదు, మంచి వస్తువు ఒకటి నిండుగా కనిపిస్తే చాలు.

అటు నుంచి తార్నాక వెళ్తే మా ఫ్లాటు. అమ్మగా మిగుల్చుకున్నవి ఒక ద్వారబంధం, అటక చెక్కలు, పన్నెండు బండలు. అబ్బాయి పైన అటక కావాలని పట్టుబట్టాడు. హాలు ఎత్తు పదడుగులు. కింద మనిషి తిరగడానికి ఏడు వదిలితే పైన మిగిలేది మూడడుగులకు లోపే, కూర్చోవడానికే చాలదు. పధ్నాలుగు అడుగుల పాత ఇల్లయితే ఇంజినీరునడిగి వేసుకోవచ్చు. అందుకని మా అటక కిందికే దిగింది. ఆ చెక్కలతో కిటికీ పక్కన పొడవాటి బల్ల చేయించాం. దాని కింద సొరుగులు. కిటికీ ముందు టైల్సు తీయించి బండలు పరిపించాం. రెండడుగుల చదరం పలకలు పన్నెండు, అంటే 48 చదరపు అడుగులు. ద్వారబంధం హాలుకీ వంటింటికీ మధ్య నిలబడింది.

మీరు చేయించుకుంటే కొన్ని గుర్తుంచుకోండి. పాత చెక్కను వేలితో తట్టి చూడండి. బోలుగా మోగితే చెద తిన్నట్టే. మంచిదైనా చెద మందు పట్టించి, మేకులు పీకించాకే వడ్రంగికివ్వండి. ఇటుకలు కనపడాలని ఫ్లాటు గోడల ప్లాస్టరు చెక్కించకండి, లోపల కరెంటు పైపులుంటాయి. మేం ఒక్క గోడకు జాజు రంగు వేయించి ఊరుకున్నాం. షాబాదు, తాండూరు బండలు సున్నపురాళ్లు. వాటికి పులుపు పడదు. ఇత్తడి తోమిన చింతపండు నీళ్లు ఒలికి మా బండ మీద తెల్ల మచ్చ పడింది, నేటికీ పోలేదు. కాస్త సబ్బు నీళ్లతో తుడిస్తే చాలు. బల్ల మీదికి వరంగల్ జంపఖానా బాగుంటుంది. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తెల్లటి ట్యూబులైటు వెలుగులో చెక్క వెలవెలబోతుంది. డబ్బా మీద 2700 నుంచి 3000 కెల్విన్ అని రాసి ఉన్న పసుపు ఛాయ ఎల్ఈడీ బల్బులు తీసుకోండి.

పని అయిన రోజు అత్తయ్యగారు వచ్చి ఆ బల్లను చేత్తో తడిమి, కాళ్లు బండ మీద ఆనించి కూర్చున్నారు. ఏమీ అనలేదు. కాసేపటికి, "చిక్కుడుకాయలు తే, ఈనెలు తీస్త" అన్నారు. మా అబ్బాయి ఫోను పక్కన పెట్టి వచ్చి కూర్చున్నాడు. ఎంతసేపంటారా? పావుగంట. అయినా నాకు చాలు.

పాత ఇల్లు అమ్మే ముందు, మీరూ ఒకసారి అటకకు నిచ్చెన వేసి చూడండి.