డ్రాప్ పడిన చోటు

హైదరాబాద్‌లో బోరబండ, మోతీనగర్, అల్లాపూర్ కుర్రాళ్లకు ఫోన్లో ఆడే తుపాకుల ఆట బీజీఎంఐ (బాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) కస్టమ్ రూములు పెట్టి పోటీలు నడపడం నా పని. స్లాట్లు పంచాలి, ఆట చూడాలి, పాయింట్లు కట్టాలి. అంతకుముందు అమీర్‌పేటలో ఒక నెట్ సెంటర్ చూసుకునేవాణ్ణి. కోచింగ్ క్లాసుల మధ్య ఖాళీ దొరికితే విద్యార్థులు వచ్చి కౌంటర్ స్ట్రైక్ 1.6 ఆడేవాళ్లు. ఆట దేనికి బహుమానమిస్తే ఆడేవాళ్లు దానికే అలవాటు పడతారని అక్కడే గమనించాను.

కౌంటర్ స్ట్రైక్‌లో తుపాకీ కొనుక్కోవాలి. చేతిలో 800 డాలర్లతో మొదలు. ఏకే-47 ధర 2500, ఏడబ్ల్యూపీ ధర 4750. ఒక్క గుండుకే మనిషిని పడగొట్టే ఏడబ్ల్యూపీని అందరూ పట్టుకు తిరగకుండా ఆపేది ఆ ధరే. కొన్నవాడు చస్తే డబ్బు పోతుంది, తుపాకీ ఎదుటివాడికి దక్కుతుంది. వరుసగా ఓడే జట్టుకు ఆట కొంచెం ఎక్కువ డబ్బు ఇస్తుంది. అది లేకపోతే మొదటి రౌండ్లు పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ లేవలేరు.

బీజీఎంఐలో ధర ఉండదు. మ్యాప్‌లో దిగాక ఇళ్లలో ఏరుకునే లూట్‌లో తుపాకీ ఎక్కడ దొరుకుతుందన్నదే ముఖ్యం. లెవెల్ 3 హెల్మెట్ పెట్టుకున్నవాడి తలకు కార్98 రైఫిల్ గుండు తగిలినా ఒక్క దెబ్బకు పడడు. ఏడబ్ల్యూఎం తగిలితే పడిపోతాడు. కానీ ఏడబ్ల్యూఎం ఇళ్లలో దొరకదు, విమానం వదిలే డ్రాప్‌లోనే రావాలి. డ్రాప్ నుంచి లేచే ఎర్రపొగ చుట్టుపక్కల జట్లన్నిటికీ కనిపిస్తుంది. గుండ్లూ కొన్నే వస్తాయి. ఆ తుపాకీ కావాలంటే ప్రాణానికి తెగించి వెళ్లాలి. ఇంత చక్కటి తూకం వేసినవాళ్లంటే నాకు నిజంగా గౌరవం.

పోటీలో 16 జట్లు, 64 మంది ఉంటారు. ఎరాంగెల్ మ్యాప్ 8 కిలోమీటర్ల పొడవు, 8 కిలోమీటర్ల వెడల్పు. అందులో పోచింకీ అనే ఊళ్లో దిగిన జట్టుకు ఎం416 రైఫిళ్లు దొరికి, ఇంకో ఊళ్లో దిగినవాళ్లకు పిస్తోళ్లే దొరికితే, "అన్నా, లూట్ లేకనే పోయినం" అంటారు. అది సాకు కాదు. అందుకే రూమ్ సెట్టింగుల్లో లూట్ పెంచుతాను. మరీ పెంచను. అందరి దగ్గరా అన్నీ ఉంటే, స్కోపు ఎవరికివ్వాలి, గుండ్లు ఎవరు మొయ్యాలి అని జట్టు మాట్లాడుకోవడం ఆగిపోతుంది. నాకు ఆటలో ఇష్టమైనవి ఆ మాటలే.

పాయింట్ల సంగతీ అంతే. పెద్ద టోర్నమెంట్లలో ఒకప్పుడు మొదటి స్థానానికి 15 వచ్చేవి, ఒక్కో కిల్‌కి 1. తర్వాత ఆ 15 కాస్తా 10 అయింది. ఇంట్లో దాక్కుని చివరిదాకా మిగలడం కన్నా ఎదురెళ్లి కొట్లాడటానికి విలువ పెరిగింది. మా రూముల్లోనూ ఆ లెక్క పెట్టాక మూలల్లో కూర్చునే జట్లు తగ్గాయి.

నన్ను బాధపెట్టేది వేరే లూట్. డబ్బుతో కొనే యూసీ (ఆటలోని నాణేలు) పోసి తెరిచే క్రేట్, అంటే పెట్టె. అందులో వచ్చే గ్లేసియర్ స్కిన్ తుపాకీ రూపాన్ని మారుస్తుందే తప్ప దెబ్బను పెంచదు. అయినా దానికోసం ఇంట్లో ఫోన్‌పే వాడేసే పిల్లలున్నారు. బెల్జియం 2018లోనే డబ్బు పెట్టి తెరిచే ఇలాంటి పెట్టెలను జూదం కింద లెక్కగట్టింది. నేను ఎంట్రీ ఫీజు తీసుకోను, యూసీ బహుమతిగా ఇవ్వను. గెలిచిన జట్టుకు ఇయర్‌ఫోన్లు ఇస్తాను. శత్రువు అడుగుల చప్పుడు ఏ గదిలోంచి వస్తోందో వినడానికి అవి పనికొస్తాయి.