వంతెన మీద మంచు

పోయిన నెల గోడపత్రికలో నేను పొడుపు కథలు రాశాను. ఈసారి నా పరుగు పందెం గురించి రాస్తున్నాను. నాకు రెండో బహుమతి వచ్చిందని ప్రేయర్‌లో అందరిచేత చప్పట్లు కొట్టించారు. కానీ ఆ రోజు జరిగిందంతా నేను చెప్పలేదు. ఎదురుగా నిలబడితే నాకు నోరు రాదు. రాస్తే వస్తుంది.

2025 జనవరిలో లంబసింగి దగ్గర రోడ్డు మీద ఆడపిల్లలకి 3 కిలోమీటర్ల పరుగు పెట్టారు. మన స్కూలు నుంచి నలుగురం వెళ్ళాం. లంబసింగి సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. చలికాలం వస్తే విశాఖపట్నం నుంచి కార్లేసుకుని వచ్చి మంచు చూసి ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోయిన మనిషి తెల్లారేసరికి కొర్రలాగ, అంటే కర్రలాగ, బిగుసుకుపోతాడని ఆ పేరు పెట్టారంట. కార్లలో వచ్చేవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరు కాబోలు, టీ తాగి నవ్వుకుంటూ తిరుగుతారు.

మా ఇంట్లో కువి మాట్లాడతాం. ఐదో తరగతి దాకా నాకు తెలుగు సరిగ్గా రాలేదు. తెలుగులో నాకొక వింత కనబడింది. పొగలాగ కమ్మేదీ మంచే. ఆకు మీద బొట్టుగా నిలిచేదీ మంచే. గడ్డి మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా పేరుకునేదీ మంచే. హిమాలయాల్లో మోకాలు లోతు పడేదీ మంచే. ఆ ఆఖరి మంచు మీద నడిచి 2014లో మాలావత్ పూర్ణ అక్క ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకి 13 ఏళ్ళు. ఆమె కూడా గురుకులంలో చదువుకున్న గిరిజన పిల్లే. మనకి అంత మంచు పడదు. మనకి పడేది మూడో రకం. చూడ్డానికి ఏమీ ఉండదు, కాలు పెడితే తెలుస్తుంది.

చిన్నప్పుడు అయ్యతో తెల్లారగట్ల కాఫీ పళ్ళు కోయడానికి వెళ్ళేదాన్ని. దారిలో గెడ్డ మీద చిన్న సిమెంటు వంతెన ఉంటుంది. అయ్య ముందు నడిచి అక్కడ ఆగిపోయేవాడు. "మట్టి మీద నడిచినట్టు నడవకు. పాదం మొత్తం ఆన్చు. అడుగు చిన్నది వెయ్యి. అంచున ఇసక ఉంటది, అటు నడు" అనేవాడు మా మాటలో. అయ్య బడి మొహం చూడలేదు, వేలిముద్ర వేస్తాడు. కానీ రోడ్డంతా ఉత్త తడిగా ఉన్నా వంతెన మీద మాత్రం జారుతుందని ఆయనకి తెలుసు. నాకూ తెలుసు.

మా మంచం పక్క మంచం పిల్లది కొయ్యూరు వైపు కింద ఊరు. అక్కడ ఈ తెల్ల మంచు పడదు. మన గ్రౌండులో ఎప్పుడు పరిగెత్తినా నాకంటే పది అడుగులు ముందే ఉంటుంది. ఆ పొద్దున జీపులో నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. జీపు ఒక వంతెన దాటుతుంటే లైటు వెలుగులో రోడ్డు మీద తెల్లగా మెరిసింది. దిగాక ఈమెకి చెప్పాలి అనుకున్నాను.

6.30కి మొదలవ్వాలి. అతిథి గారు రాలేదని 7.15 దాకా నిలబెట్టారు. స్వెటర్లు ముందే విప్పించేశారు, చొక్కా మీద నంబరు కనబడాలంట. "ఏటే, ఈ కాళ్ళు నాయి కావే" అంది. ఇద్దరం ఒకళ్ళ చేతులు ఒకళ్ళం రుద్దుకుంటూ నవ్వుకున్నాం. ఆ ముప్పావు గంటలో సంక్రాంతి గురించి, లెక్కల పరీక్ష గురించి, మేట్రిన్ అమ్మ గురక గురించి అన్నీ మాట్లాడుకున్నాం. వంతెన సంగతి చెప్పలేదు. మర్చిపోలేదు. రెండుసార్లు నోటిదాకా వచ్చింది. ఈమె ఒక్కర్తి లేకపోతే నేనే కదా అనిపించింది. అంతే, మింగేశాను.

విజిల్ ఊదారు. పీఈటీ మేడం చెప్పినట్టు మొదట నిదానంగా, ముక్కుతో గాలి పీలుస్తూ పరిగెత్తాను. అయినా గొంతులో మిరపకాయ రాసినట్టు మండింది. కళ్ళ నీళ్ళు, ముక్కు నీళ్ళు కలిసిపోయాయి. పొగమంచులో ముందున్నవాళ్ళ వీపులు తప్ప ఏమీ కనబడలేదు. రెండు కిలోమీటర్లు దాటాక వంతెన వచ్చింది. ఆమె నాకంటే పది అడుగులు ముందుంది. నేను అడుగు చిన్నది చేసి అంచున ఇసక మీదకి జరిగాను. ఆమె మధ్యలోంచి వెళ్ళింది. చెయ్యి కింద పెట్టి పడింది.

"ఒసే" అంది. నేను ఆగలేదు.

మొదటి బహుమతి వేరే స్కూలు పిల్లకి వచ్చింది. నాకు స్టీలు టిఫిను బాక్సు ఇచ్చారు. ఆమె మణికట్టు ఎముక విరిగింది, సిమెంటు కట్టు వేశారు. అప్పట్నుంచి రోజూ ఆమెకి జడ వేస్తున్నాను, కంచం కడుగుతున్నాను. స్నేహమంటే ఇలా ఉండాలని వార్డెన్ మేడం డైనింగ్ హాల్లో అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. ఆ పూట నాకు అన్నం దిగలేదు.

వంతెన మీదే ఎందుకు అలా అవుతుందని సైన్సు సారుని అడిగాను. నేలలో దాచుకున్న వేడి ఉంటుందంట. రాత్రి పైనుంచి చల్లబడినా కిందనుంచి కొంచెం వేడి వస్తూనే ఉంటుంది. వంతెనకి కింద కూడా గాలే కాబట్టి రెండు వైపులా చల్లబడిపోతుంది. మబ్బు లేని రాత్రి గాలి 3, 4 డిగ్రీలున్నా గడ్డి, రాయి సున్నాకి దిగిపోవచ్చని కూడా చెప్పి బోర్డు మీద బొమ్మ వేశారు. ఆదివారం అయ్య వస్తే ఇదంతా చెప్పాను. "ఇది చెప్పడానికి సారు కావాలా" అన్నాడు.

వచ్చే ఏడు అక్కడికి వెళ్ళే చెల్లెళ్ళు ముందు రోజే రోడ్డంతా నడిచి చూసుకోండి. వంతెన మీద మధ్యలోకి వెళ్ళొద్దు. పక్కనున్న పిల్లకి కూడా చెప్పండి.

ఇది రాశాక నిన్న రాత్రి ముందు ఆమెకే చదివి వినిపించాను. ఏమీ అనకుండా గోడ వైపు తిరిగి పడుకుంది. ఈ పొద్దున దువ్వెన పట్టుకుని వెళ్తే, పదో తరగతి అక్క దగ్గర జడ వేయించుకుంటానని లేచిపోయింది. వెళ్తూ వెళ్తూ నా పెట్టె మీదున్న టిఫిను బాక్సు పట్టుకుపోయింది.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని