అన్నా చేతిలోని ఎర్ర సంచి

కార్నెల్ యూనివర్సిటీలో 1948 నుంచి దాదాపు పదేళ్లు రచయిత నబొకోవ్ సాహిత్యం పాఠాలు చెప్పారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ల జ్ఞాపకాలు ఎక్కడ దొరికినా నేను వదలను. ఒకరోజు క్లాసులో తెరలు దించి, లైట్లన్నీ ఆర్పేశారట. ఒక్కో లైటే వేస్తూ ఇది పుష్కిన్, ఇది గొగోల్, ఇది చెహోవ్ అన్నారట. ఆఖరికి కిటికీ తెర సర్రున పైకి లేపితే ఎండ గదంతా పరుచుకుంది. అదీ టాల్‌స్టాయ్!

టాల్‌స్టాయ్ నవల 'అన్నా కరేనినా' చెప్పేటప్పుడు అన్నా ఎక్కిన రైలు పెట్టె ఎలా ఉండేదో బొమ్మ గీసి చూపించేవారు. చిన్న చిన్న వివరాలు పట్టుకోమనేవారు. పరీక్షలో ప్రశ్నలూ అలాంటివే. తర్వాత అమెరికా సుప్రీంకోర్టు జడ్జి అయిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ కూడా ఆయన విద్యార్థే. తను చదివే తీరునీ రాసే తీరునీ ఆయన మార్చేశారని ఆవిడ చెప్పుకునేవారు.

ఇవన్నీ చదివాక ఆ నవల మళ్లీ తీశాను. మొదట్లో, రాత్రి రైల్లో అన్నా తెరిచే చిన్న ఎర్ర సంచి. చివర్లో, పట్టాల పక్కన, రైలు కింద పడబోయే వేళ, చేతి నుంచి అదే సంచి ఊడిరాక ఒక్క క్షణం ఆలస్యమవుతుంది. ఆ రైలు పెట్టె దాటిపోతుంది. కాలేజీ రోజుల్లో చదివినప్పుడు ఆ సంచి నా కంట పడనే లేదు. ఈసారి అక్కడే పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను.