గీత తర్వాతి అంకె

కొత్త కెమెరా కొన్నారటగా! ఎన్ని మెగాపిక్సెళ్లని నేనడగను లెండి. ఆ పాట షాపువాడు ఎలాగూ పాడే ఉంటాడు. సెన్సర్ ఎంత? లెన్స్ చుట్టూ ఏం రాసుంది? అది చెప్పండి ముందు.

2012లో సోనీ ఆర్‌ఎక్స్100 వచ్చినప్పుడు చూడాలి, నాలాంటి జేబు కెమెరా పిచ్చోళ్ల సంబరం! చొక్కా జేబులో పట్టేదానికి ఒక అంగుళం సెన్సర్. అప్పట్లో మామూలు చిన్న కెమెరాల్లో ఉండేది ఇంచుమించు 6.2 మిల్లీమీటర్ల వెడల్పు, 4.6 ఎత్తు. దీనిదేమో 13.2, 8.8. వైశాల్యం నాలుగు రెట్లు! వెలుతురూ ఆ లెక్కనే. చీకటి ఫొటోల్లో ఆ రంగురంగుల చుక్కల గోల చాలావరకు తగ్గింది.

ఆగండాగండి. 13.2 అంటే అంగుళంలో సగమేగా? మూల నుంచి మూలకు కొలిచినా 16 రాదు. మరి అంగుళం ఎక్కడిదీ? వెనకటి టీవీ కెమెరాల్లో గాజు గొట్టాలుండేవి. కొలత ఆ గొట్టం బయటి వ్యాసానిది. బొమ్మ పడే చోటు లోపల ఇంకా చిన్నది. గొట్టాలు పోయాయి, లెక్క మాత్రం పోలేదు. మెట్లూ లిఫ్టూ కలిపి చదరపు అడుగులు చెప్పి ఫ్లాటు అమ్మినట్టు లేదూ!

సరే, ఆ ఆర్‌ఎక్స్100 లెన్స్ సంగతి. దానిమీద 1.8–4.9 అని ఉంటుంది. అంకె ఎంత చిన్నదైతే వెలుతురు అంత ఎక్కువ. అందరూ 1.8 చూసి మురిసిపోతారు. గీత తర్వాతి అంకెను పట్టించుకునేవాళ్లేరీ? జూమ్ చివరిదాకా లాగితే దిగేది ఆ 4.9కే. వెలుతురు ఏడో వంతుకు పడిపోతుంది. సెన్సర్ ఇచ్చిన నాలుగు రెట్లూ మింగేసి, ఇంకా మనమే బాకీ!

అర్ధరాత్రి ముహూర్తం. తలంబ్రాలు. జూమ్ లేకుండా సెకనులో 60వ వంతులో వచ్చే ఫొటోకి, వెనక కుర్చీలోంచి జూమ్ లాగితే 8వ వంతు కావాలి. పెళ్లికూతురి చేయి అలుక్కుపోతుంది. బియ్యపు గింజలన్నీ తెల్ల గీతలే. ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకు సెన్సర్ స్పందించే తీరు, పెంచారా, చుక్కలు మళ్లీ హాజరు.

2014లో మూడో ఆర్‌ఎక్స్100కి 1.8–2.8 లెన్స్ పెట్టారు. బదులుగా జూమ్ కొసను ఫిల్మ్ కెమెరా లెక్కలో 100 మిల్లీమీటర్ల నుంచి 70కి కోసేశారు. నాకా బేరం భలే నచ్చింది. పిట్టల ఫొటోలు తీస్తానంటారా? అయితే అది మీది కాదు. వెలుతురూ కావాలి, జూమూ కావాలి, జేబులోనూ పట్టాలంటే గాజు ఒప్పుకోదు మరి.

మీరు మాత్రం ఆ కుర్చీలోంచి లేచి మండపం దగ్గరికెళ్లండి. వీడియో అబ్బాయి అడ్డమొచ్చారని కసురుతాడు. కసరనివ్వండి!