వెల్లుల్లి దగ్గర దొరికిపోయాను

పోయిన శనివారం ఇక్కడ డాలస్‌లో తెలిసినవాళ్లింట్లో వంటసామాన్ల డెమో ఇచ్చాను. అమ్మితే కమీషన్. పెళ్లయిన 22 ఏళ్లకి నా మొదటి సంపాదన!

వంటకం చికెన్ టింగా. మెక్సికోలో ప్యూబ్లా వైపుది. ఉడికిన చికెన్‌ని పీచులుగా చీల్చి, ఉల్లి, టమాటా, చిపోట్లేలతో మగ్గబెట్టాలి. పండు హాలపీన్యో మిరపకాయల్ని పొగలో ఎండబెడితే చిపోట్లే. ఆ వాసనకి మా అమ్మమ్మ కట్టెల పొయ్యి గుర్తొచ్చింది.

తాడు లాగితే ఉల్లిపాయ తరిగే చాపర్ అందరికీ నచ్చింది. చికెన్ చీల్చే పంజాలు కూడా. వెల్లుల్లి దగ్గరికొచ్చేసరికి కబుర్లలో పడి, చాకు పలకగా వేసి అరచేత్తో ఒక్క గుద్దు గుద్దేశాను. చేతి అలవాటు మరి! గార్లిక్ ప్రెస్ పక్కనే తళతళలాడుతోంది.

"మరి అదెందుకక్కా?" అంది ఒకమ్మాయి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ చెవులు వేడెక్కాయి. నేర్పించిన మాటలు నోట్లోనే ఉన్నాయి, బయటికి రాలేదు.

"నాకైతే అక్కర్లేదమ్మా. చాపర్ మాత్రం తీసుకో" అన్నాను.

చాపర్లు ఆరు పోయాయి. ప్రెస్ ఒక్కటీ పోలేదు. చికెన్ ఖర్చు పోను 18 డాలర్లు మిగిలాయి. మావారికి ఇంకా చెప్పలేదు.