మత్తడి నేర్పే లెక్క

మూడు కిలోమీటర్ల కట్ట. ఒకవైపు కనుచూపు మేరా మంజీర నీళ్లు, మరోవైపు పచ్చటి పొలాలు. కామారెడ్డి జిల్లాలోని నిజాంసాగర్‌ను వానాకాలంలోనే చూడాలి. నిజాం ఇంజినీరు అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో 1923లో మొదలైన ఈ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. దీని కాలువ నీళ్లతోనే బోధన్ చెరకు సీమ అయింది. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడినా, ఆయకట్టు రైతులు ఇప్పటికీ ఈ నీళ్లవైపే చూస్తారు.

దీనికి ఎగువన ఉంది పోచారం ప్రాజెక్టు. అది నిండితే నీళ్లు మత్తడి దూకి మంజీరలో కలిసి నిజాంసాగర్ చేరతాయి. ఆ దృశ్యం ఎంత అందమో, దాని వెనకున్న లెక్క అంత భయం! మత్తడి మీద అడుగు ఎత్తున పారే నీరు నాలుగడుగులకు పెరిగితే... ప్రవాహం నాలుగింతలు కాదు, ఎనిమిదింతలవుతుంది. 2025 ఆగస్టు చివర్లో కుండపోత వానలకు పోచారం పొంగినప్పుడు దిగువ ఊళ్లు వణికిపోయాయి.

ఇలా లెక్కకు మించి పెరగడాన్నీ తగ్గడాన్నీ శాస్త్రవేత్తలు 'నాన్‌లీనియర్' అంటారు. కట్ట మీద కంగారు పెట్టే ఈ గుణమే క్వాంటం కంప్యూటర్‌కు ప్రాణం. దాని చిప్‌ను గడ్డకట్టించే చలిలో ఉంచితే సూపర్‌కండక్టర్ సర్క్యూట్‌లో కరెంటు ఏ అడ్డూ లేకుండా ఊయలలా అటూ ఇటూ ఊగుతుంది. దాని శక్తి మెట్లు మెట్లుగా పెరుగుతుంది. మెట్లన్నీ ఒకే ఎత్తులో ఉంటే, మైక్రోవేవ్ తరంగం తగలగానే ఒకదాని తర్వాత ఒకటి ఎక్కేస్తుంది. 'జోసెఫ్సన్ జంక్షన్' అనే పల్చటి పొరను పెడితే మెట్ల ఎత్తు మారిపోతుంది. మొదటి మెట్టు ఎక్కించిన తరంగం రెండోది ఎక్కించలేదు. దాంతో కింది రెండే 0, 1గా పనికొస్తాయి!

బ్రయాన్ జోసెఫ్సన్ 1962లో ఈ జంక్షన్ గురించి ముందే చెప్పాడు. ఇలాంటి సర్క్యూట్లతో 1980ల్లో చేసిన ప్రయోగాలకే జాన్ క్లార్క్, మిషెల్ డెవొరే, జాన్ మార్టినిస్‌లకు 2025లో భౌతికశాస్త్ర నోబెల్ దక్కింది. 156 క్యూబిట్ల ఐబీఎం క్వాంటం కంప్యూటర్‌ను అమరావతిలో ఏర్పాటు చేస్తామన్న ప్రకటన వచ్చిందీ ఆ ఏడాదే.

చిప్‌లో ఆ గుణాన్ని మనిషి అదుపులో పెట్టుకున్నాడు. వాగుకు మాత్రం ఆ అదుపు లేదు. నిజామాబాద్ నుంచి బాన్సువాడ మీదుగా పిల్లాపాపలతో వెళ్లండి, తనివితీరా చూడండి. కానీ మత్తడి దూకుతుంటే మాత్రం దూరంగానే నిలబడండి. 'ఇంకో అడుగే కదా పెరిగింది' అనుకోవద్దు!